మల్లెకుండీల బండి

నాగేంద్రబాబుకి ఒక జబ్బుంది. మిగతా విషయాల్లో మనిషి నిక్కచ్చి. కిరాణా కొట్లో చిల్లర ఎక్కువిస్తే సగం దారిలోంచి వెనక్కొచ్చి ఇచ్చే రకం. కానీ "నీ బండి ఎంత మోస్తుందోయ్" అని ఎవరైనా అడిగారా, ఇక ఆ నోట నిజం రాదు. టన్నుకి టన్నున్నర చెబుతాడు. విన్నవాడు నోరు వెళ్ళబెట్టకపోతే ఇంకో పావు టన్ను కలుపుతాడు.

ఇది దుబాయ్‌లో పట్టిన జబ్బు కాదు, గోదావరి జిల్లా నుంచి వెంట తెచ్చుకున్నది. కడియపులంక మొక్కల తోటల్లో లోడింగు చేస్తూ పెరిగాడాయన. లారీ నిండిపోయింది మొర్రో అని డ్రైవరు మొత్తుకుంటుంటే, ఇంకా బోలెడు కుండీలకి చోటు చూపించి, సందుల్లో ఎండుగడ్డి కూరి బిగించినవాడే అక్కడ మొనగాడు. బండి వెనక్కి కుంగకుండా, చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టలో అదనంగా ఓ ఇనపపట్టీ వేయించుకోవడమంటే అక్కడి లారీలవాళ్ళకి మహా ముచ్చట. దుబాయ్ శివార్లలో వర్సాన్ దగ్గర ఒక నర్సరీలో డ్రైవరుగా కుదిరి, పాత తెల్ల పికప్ చేతికి రాగానే నాగేంద్రబాబు చేసిన మొదటి పని కూడా అదే. మట్టి బస్తాలు, తోటల్లో పరిచే రాళ్ళు, ఖర్జూరపు మొక్కలు, అన్నీ దానిమీదే. ఏళ్ళ తరబడి అదీ మోసింది, ఈయనా గొప్పలు చెప్పుకున్నాడు, ఎవరికీ నష్టం లేకపోయింది.

నష్టం మల్లెల దగ్గర మొదలైంది.

అతని భార్య పేరు విజయదుర్గ. సొంత మేనమామ కూతురు. పెళ్ళికి ముందూ "బావా" అనే పిలిచేది, ఇప్పుడూ అంతే. మిర్దిఫ్‌లో ఓ విల్లాలో ఇంటిపని చేస్తుంది. అక్కడే తిండి, అక్కడే పడక. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ పొద్దున నాగేంద్రబాబు వెళ్ళి గేటు దగ్గర ఎక్కించుకుంటాడు, సాయంత్రం అదే గేటు దగ్గర దింపుతాడు. ఆరేళ్ళుగా ఇదే కాపురం. కూతురు రాజమండ్రిలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది కాబట్టి ఇద్దరిలో ఏ ఒక్కరి జీతం ఆగినా కుదరదు. "మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దుబాయ్‌లోనే, మీకేం తక్కువమ్మా" అని ఊళ్ళోవాళ్ళంటారు. పావుగంట దూరంలో ఉన్న పెళ్ళాన్ని వారానికోసారి చూడటం ఏమిటో వాళ్ళకి చెప్పి ఒప్పించలేక వీళ్ళిద్దరూ ఊరుకున్నారు.

ఆదివారాలు దుర్గ నర్సరీలోనే కూర్చునేది. కూర్చుంటే చెయ్యి ఊరుకుంటుందా? ఓ మూల ఎవరికీ పట్టని మల్లె అంట్లు కనిపించాయి. చలికాలం వెళ్ళబోతుండగా వాటికి ఆకంతా దూసేసింది, కొమ్మలు కత్తిరించింది, నీళ్ళు బిగబట్టి మళ్ళీ పెట్టింది. వాళ్ళమ్మ తోటలో చేసిన పద్ధతే. ఎండలు ముదిరేసరికి ఒక్కో కుండీ మీద ఆకు కనపడకుండా మొగ్గ.

నర్సరీ మేనేజరు దక్షిణామూర్తి గారు విజయవాడ మనిషి. వ్యాపారమంటే వ్యాపారమే అనే రకం, అయినా మాటిస్తే తప్పడు. ఆ మొగ్గలు ఫోటో తీసి తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. దెబ్బకి ఫోను మోగుతూనే ఉంది. అమ్మగారింటి వాకిట్లో పూసే పువ్వు అపార్ట్‌మెంటు బాల్కనీలోకి వస్తానంటే ఎవరు వద్దంటారు?

"ఈ మల్లెలు నిలదొక్కుకుంటే వీటికి ప్రత్యేకంగా ఓ మనిషి కావాలి నాగేంద్రా," అన్నాడాయన. "వేరేవాళ్ళెందుకు? మీ ఆవిడ వీసానే మన కంపెనీకి మార్పిద్దాం."

నాగేంద్రబాబుకి కాళ్ళు నేలమీద ఆనలేదు. వీసా మారితే దుర్గ ఆ విల్లా వదిలి వచ్చేయొచ్చు. నర్సరీకి దగ్గర్లోనే ఉన్న ఇంటర్నేషనల్ సిటీలో ఓ గది తీసుకుంటే చాలు, రోజూ సాయంత్రం ఇంటికెళ్తే మనిషి ఉంటుంది. మొగుడూ పెళ్ళాం ఒక కంచం ముందు కూర్చుని తిట్టుకోవడానికి కూడా నోచుకోని ఆరేళ్ళ తర్వాత ఇది చిన్న సంగతి కాదు.

తీరా చూస్తే, నర్సరీలో ఎక్కించినప్పుడు నిండుగా ఉన్న కుండీ, కొన్నవాళ్ళ గుమ్మంలో దింపేసరికి ఉత్త ఆకులతో మిగిలేది. మొగ్గలన్నీ బండి వెనక తొట్టిలో. "మాకు ఫోటోలో చూపించింది ఇదేనా" అని ఒకరు, "మొగ్గలు విడిగా పంపిస్తారా" అని ఇంకొకరు, దక్షిణామూర్తి గారిని ఫోన్లో ఉతికి ఆరేశారు.

"ఆ బండి షాక్ అబ్జార్బర్లు పోయాయి నాగేంద్రా," అన్నాడాయన ఓ రోజు విసిగిపోయి. "బ్రేకు వేస్తే ముక్కు నేలకి కొడుతోంది. స్పీడ్ బ్రేకరు దాటి ఇంత దూరం వచ్చాక కూడా ఇంకా ఊగుతోంది. మంచివి చూసి వేయించు. కుసైస్‌లో ఉమామహేశ్వరి గారని, వాళ్ళమ్మాయి సీమంతం. వచ్చిన ముత్తైదువలందరికీ తాంబూలంతో పాటు మొగ్గలున్న మల్లెకుండీ ఇస్తారట. అంత పెద్ద ఆర్డరు మళ్ళీ రాదు. ఇవి కూడా రాలిపోతే ఇక మల్లెలు ఖలాస్. మట్టీ ఎరువూ అమ్ముకుందాం."

"మరి దుర్గ వీసా సంగతండీ?"

"మల్లెలే లేకపోతే మనిషెందుకు, నువ్వే చెప్పు."

మాట కరుకుగా ఉంది గానీ అందులో తప్పు పట్టడానికేం లేదు. నాగేంద్రబాబు "ఆయ్, వేయించేత్తానండి" అని తల వంచుకుని బయటపడ్డాడు.

అల్ కుసైస్ ఇండస్ట్రియల్ ఏరియాలో నూర్ మొహమ్మద్ గ్యారేజీ ఉంది. కరీంనగర్ వైపు మనిషి, తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడతాడు, అబద్ధం చెప్పి సరుకు అంటగట్టడని పేరు. బండి ఆపీ ఆపగానే వెనక బంపరు మీద రెండు చేతులూ వేసి ఒక్క నొక్కు నొక్కి వదిలాడు. బండి ఊయల ఊగినట్టు ఊగింది. వంగి కిందికి చూశాడు. షాక్ అబ్జార్బర్ల గొట్టాల్లోంచి నూనె కారి, దానికి ఇసక అంటుకుని అట్టకట్టేసింది.

"గివి సచ్చిపోయి చానా దినాలైంది భాయ్. నువ్వింకా మోయిస్తున్నవ్," అన్నాడు.

లోపల్నుంచి మూడు రకాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. మొదటిది ఏదో పాత బండిలోంచి ఊడదీసి రంగేసిన జత. దాన్ని తనే చేత్తో పక్కకి నెట్టేశాడు. రెండోది మామూలు నూనె రకం, బండి పుట్టినప్పుడు వచ్చినటువంటిదే, సన్నగా, బూడిదరంగులో. మూడోది గ్యాసు నింపిన రకం. మనిషి చేయంత లావు, ఎర్రగా నిగనిగలాడుతోంది. ఎడారిలో గుట్టలెక్కేవాళ్ళూ, కొండరాళ్ళు తోలేవాళ్ళూ వేయించుకుంటారట. నాగేంద్రబాబు రెండో రకాన్ని చేత్తో నొక్కితే మెల్లగా లోపలికి దిగింది. మూడోదాన్ని నొక్కితే చెయ్యి నొప్పి పుట్టింది గానీ అది కదల్లేదు. అంతే, మనసు దానిమీద పడిపోయింది.

"ముందుగాల ఇది చెప్పు. బండిల ఏం మోస్తవ్?" అని నూర్ మొహమ్మద్ అడిగాడు.

ఆ సమయానికి పక్కనే ఇద్దరు పెషావరీ లారీ డ్రైవర్లు చాయ్ తాగుతూ నిలబడి ఉన్నారు. ఒక్కొక్కడు తలుపంత ఉన్నాడు. ఫుజైరా కొండల నుంచి రాయి తోలుతారట. వాళ్ళిద్దరూ ఇటే చూస్తున్నారు. అలాంటి వాళ్ళ ముందు మీసమున్న మగాడు మల్లెపూలు మోస్తానని ఎలా చెబుతాడు? నాగేంద్రబాబు జబ్బు కాస్తా తిరగబెట్టింది.

"మట్టి, రాళ్ళు, ఇటికలు. ఏది పడితే అది. టన్నున్నర దాకా ఏసేత్తాం," అన్నాడు, వాళ్ళకీ అర్థం కావాలని చివరి మాట హిందీలో కూడా చెప్పి.

ఓ డ్రైవరు తలాడించాడు. నాగేంద్రబాబుకి ఛాతీ ఉప్పొంగింది.

"మంచిగ యాది చేస్కొని చెప్పు. రోజు గంతేనా?" అన్నాడు నూర్ మొహమ్మద్.

"రోజూ అంతే."

"అట్లయితే నీకు గిదే," అని అతను ఎర్రదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు చక్రాలకీ అవే బిగించాడు. మళ్ళీ బంపరు నొక్కితే బండి బండరాయిలా కదలకుండా నిలబడింది. నాగేంద్రబాబు నర్సరీకి వెళ్ళేదాకా దారంతా ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

సీమంతానికి ముందు ఆదివారం దుర్గని ఎక్కించుకుని, ఇంటర్నేషనల్ సిటీలో నాలుగైదు ఇళ్ళకి కుండీలు ఇవ్వడానికి బయల్దేరాడు. ఒక కుండీలో తీగ బాగా ఎత్తు పెరిగి, వెనక కట్టిన వలకి తగులుతుంటే, దుర్గ దాన్ని తెచ్చి ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకుంది.

"కొత్త షాకబ్జర్లు సూడు ఎలా ఉన్నాయో. పెషావరోళ్ళు కూడా ఇయ్యే ఏయించుకుంటారు," అన్నాడతను.

దుర్గ ఒళ్ళోని కుండీని రెండు చేతులా పొదివి పట్టుకుంది. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆమె తల పైకప్పుకి తగలబోతోంది. వెనక కుండీలు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. మొదటి ఇంటి ముందు ఆపి వెనక తలుపు దించారు. తొట్టినిండా మొగ్గలే, పెళ్ళిపందిట్లో తలంబ్రాలు ఒలకబోసినట్టు. కుండీల మీద గుప్పెడన్నా మిగల్లేదు. పాత షాక్ అబ్జార్బర్లతోనే ఇంతకంటే నయం.

దుర్గ తన ఒళ్ళో ఉన్న కుండీ వంక చూసుకుంది. చీరమీద ఒక్క మొగ్గ కూడా లేదు.

"నా దగ్గర రాల్లేదు బావా. అదే బండి, అదే దారి. ఎనకాలే రాలాయి," అంది. కాసేపు ఆలోచించి, "ఆ షాపాయనకి మనం ఏం మోత్తామని సెప్పావ్?" అని అడిగింది.

నాగేంద్రబాబు బండి టైరు వంక చూశాడు.

"నిన్నే. ఏం సెప్పావ్?"

"మట్టీ... రాళ్ళూ..."

దుర్గకి కోపం వస్తే అరవదు. గొంతు ఇంకా కిందికి దిగిపోతుంది. అదే అతనికి భయం. "మల్లెపూలని సెప్పడానికి సిగ్గేసిందా?" అంది. "నీ గొప్ప నీకు దక్కింది బావా. రేపీ మల్లెలు ఆపేత్తే నేను ఆ వంటింట్లోనే ముసల్దాన్నైపోతాను. నువ్వు మాత్రం టన్నున్నర మోత్తానని అందరికీ సెప్పుకో."

ఆపైన సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఉన్న ఒక్క ఆదివారం అలా గడిచిపోయింది. గేటు లోపలికి వెళ్తూ వెనక్కి కూడా చూడలేదు. నాగేంద్రబాబుకి చెంపలు వాయించుకోవాలనిపించింది. దానివల్ల మొగ్గలు తిరిగి అతుక్కోవు కదా.

మర్నాడు పని దిగగానే సరాసరి కుసైస్ వెళ్ళాడు. ఈసారి గ్యారేజీలో ఎవరున్నారో చూడలేదు. నిజానికి ఆ ఇద్దరు పెషావరీల్లో ఒకడు, అమీర్ జాన్ అని, తన బండి కింద దూరి ఏదో బిగిస్తున్నాడు.

"భాయ్, నేను మొన్న అబద్ధం సెప్పాను," అన్నాడు నాగేంద్రబాబు గట్టిగా. "నేను మోసేది మల్లెమొక్కలు. మొగ్గలతో ఉన్న మల్లెమొక్కలు. మొత్తం రాలిపోయినియ్."

నూర్ మొహమ్మద్ నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి తిట్టాడు. "అరె, డాక్టర్ తాన కడుపునొప్పిని పన్నునొప్పి అంటవా? గందుకే కదా రెండుసార్లు అడిగిన." తర్వాత బండి కింద పడుకుని టార్చి వేసి చూశాడు. ఎంతకీ లేవడే. చివరికి లోపల్నుంచే అడిగాడు. "గీ కమాన్‌ల పట్టీ ఒకటి ఎక్కువున్నది. ఎవడేసిండు?"

"నేనే ఏయించాను. బరువుకి ఆగుద్దని. మా ఊళ్ళో అందరూ ఏయిత్తారు."

"మీ ఊళ్ళె లారీలకు ఏస్తరు. గిది పికప్." అతను బయటికి వచ్చి నేలమీదే కూర్చున్నాడు. "ఇను. షాకబ్జర్ బరువు మొయ్యది. బరువు మోసేది కమాన్. కమాన్ ఎగిరితే 'ఇగ చాలు, ఊకో' అని పట్టి ఆపుతది చూడు, అది షాకబ్జర్. నీ కమాన్‌కు పట్టీ ఎక్కువ, బరువేమో తక్కువ, పూలకుండీలు. అది వంగనే వంగది. రోడ్డుమీది ప్రతి దెబ్బ సీదా పోయి మొగ్గకు తగుల్తది. దానిమీద మళ్ల గంత గట్టి షాకబ్జర్లు. టైర్లల్ల గాలి ఎంత కొట్టిస్తవ్?"

"ఫుల్లు లోడుకి ఎంతో అంత."

"గంతే. ఇగ పూలు ఉంటయా?"

నాగేంద్రబాబుకి అంతా తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ తను మురిసిపోయిన పట్టీయే తన కాపురానికి అడ్డుపడింది. "తీసెయ్ భాయ్," అన్నాడు.

"తీస్తే మల్ల మట్టి బస్తాలు గన్నిగన్ని ఏస్తే కూసుంటది. సోచ్‌కే బోల్, మంచిగ ఆలోచన చేస్కో. సీదా చెప్పు, ఇగ ఏం మోస్తవ్?"

"మల్లెకుండీలు," అన్నాడు నాగేంద్రబాబు. ఆ మాట అనడం అతననుకున్నంత కష్టంగా లేదు.

పట్టీ ఊడి కింద పడింది. సన్నగా ఉన్న ఆ బూడిదరంగు మామూలు జత బిగించారు. టైర్లలో గాలి తగ్గించారు. ఎర్రవాటిని అమీర్ జాన్ బేరమాడి తన తమ్ముడి బండికి తీసుకున్నాడు. నూర్ మొహమ్మద్ చెప్పగా సంగతంతా విని, నాగేంద్రబాబు దగ్గరికొచ్చి, "ఒక మల్లెమొక్క నాకూ ఇస్తావా? గదిలో పెట్టుకుంటాను," అని హిందీలో అడిగాడు. ఎవరి ముందు పరువు పోతుందనుకున్నాడో వాడే అలా అడిగేసరికి నాగేంద్రబాబుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దక్షిణామూర్తి గారి దగ్గరికి వెళ్ళి, "ఇక మీదట మట్టి బస్తాలు సగమే ఏత్తానండి. మిగతావి పెద్ద బండికి పెట్టండి," అని చెప్పాడు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నువ్వేనా మాట్లాడేది?" అన్నాడు.

సీమంతం ఆదివారం. కుండీలన్నీ వెనక సర్దారు. దుర్గ ముందు సీట్లో పక్కకి తిరిగి, వెనక అద్దంలోంచి కుండీలనే చూస్తూ కూర్చుంది. మొన్నటి కోపం పూర్తిగా పోలేదు, ముక్తసరిగా మాట్లాడుతోంది. మొదటి స్పీడ్ బ్రేకరు వచ్చింది. బండి లేచింది, మెత్తగా దిగింది, ఊరుకుంది.

"ఎలా ఉంది?" అన్నాడతను.

"ఊగాయి. రాలినట్టు లేదు. నువ్వు రోడ్డు సూడు."

కుసైస్ చేరేసరికి అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది. హాలు ముందు ఆపి వెనక తలుపు దించాడు. తొట్టిలో అక్కడక్కడా మొగ్గలు పడి ఉన్నాయి, పడలేదనను. కానీ కుండీలు కుండీల్లా ఉన్నాయి, నిండుగా, తెల్లగా. పట్టుచీరలో ఎదురొచ్చిన ఉమామహేశ్వరి గారు ఒక కుండీ మీదకి వంగి కళ్ళు మూసుకుని వాసన చూసింది. "సాయంత్రానికి విచ్చుకుంటాయి కదమ్మా?" అని దుర్గని అడిగింది.

"దీపాలు పెట్టే ఏళకి ఇచ్చుకుంటాయండి. పొద్దున్న ఎండలో పెట్టండి, మొదలు దగ్గర నీళ్ళు నిలవనివ్వకండి," అంది దుర్గ. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు చేరారు. ఆకెప్పుడు దూయాలి, ఎరువేం వేయాలి అని ఒకటే ప్రశ్నలు. ఆరేళ్ళలో అంతమంది దుర్గ మాట కోసం నిలబడటం నాగేంద్రబాబు ఎప్పుడూ చూడలేదు.

కుండీలన్నీ దింపాక ఫోను మోగింది. దక్షిణామూర్తి గారు. "ఉమామహేశ్వరి గారు ఫోటోలు పెట్టారు. అప్పుడే ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. నాగేంద్రా, మీ ఆవిడ పాస్‌పోర్టు కాపీ నాకు పంపు. రేపే వీసా పని మొదలుపెడదాం. వాళ్ళ మేడమ్‌కి నెల ముందు చెప్పాలి కదా, ఇవాళే చెప్పమను."

నాగేంద్రబాబు గబుక్కున ఫోను దుర్గ చేతిలో పెట్టి, ఖాళీ తొట్టి అంచున కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"పంపుతానండి. ఆయ్, ఇవాళే సెప్తానండి," అని దుర్గ ఫోను పెట్టేసింది. "లే బావా, జనం సూత్తన్నారు," అంది. అంటూ తనూ పైటకొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ సాయంత్రం కూడా మిర్దిఫ్ వెళ్ళక తప్పలేదు. నెలరోజులు అక్కడే పని. గేటు ముందు బండి ఆపాడు. దుర్గ దిగి, తలుపు వేయకుండా పట్టుకుని నిలబడింది.

"గది ఎతుకుతావు కదా బావా. చిన్నదైనా పర్లేదు. కిటికీ ఉన్నది సూడు," అంది.

"ఉంటాది లేవే. కిటికీ లేని గది ఉంటాదా ఎక్కడైనా?"

"నేను పడుకునేదానికి లేదు," అంది దుర్గ, తలుపు వేస్తూ.

ఆరేళ్ళుగా అతను ఆ గేటు దాకా వస్తున్నాడు. గేటు దాటి లోపలికి ఎప్పుడూ పోనివ్వరు. ఈ ఆరేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆ సంగతి చెప్పలేదు, తనకి అడగాలని తోచలేదు. ఆమె లోపలికి వెళ్ళి గేటు మూసుకుంది. నాగేంద్రబాబు బండి తిప్పి, తను ఉండే లేబర్ క్యాంపుకి పోకుండా, వెలుతురు ఉండగానే చూడాలని ఇంటర్నేషనల్ సిటీ వైపు తోలాడు. ప్రతి బిల్డింగు ముందూ ఆపి, మెడ పైకెత్తి, కిటికీలు చూసుకుంటూ వెళ్ళాడు.